నాంచారయ్య గొంతుకి మూడు జెరాక్సులు

అది 2019. బందరు కోర్టు హాల్లో, జడ్జి గారి ఎదుట చేపల వేలం పెట్టించిన వకీలు గుమాస్తా కృష్ణా జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే. పాట మొదలవగానే బంట్రోతు చందువాలకి చెయ్యెత్తాడు. వెనక బెంచీల్లోని కక్షిదారులు ఒకరిని మించి ఒకరు పాడారు. జడ్జి గారు కళ్లజోడు తీసి కిందపెట్టి, "ఊఁ, మూడోసారి అనవయ్యా" అన్నారు. ఈ ముక్క ఇప్పటికి చాలామందికి చెప్పాను. కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కాస్త తగ్గించాల్సి వస్తుంది. ముందు అసలు సంగతి వినండి.

మోటారు ప్రమాదాల కేసులు చూసే వకీలు గారి దగ్గర ముప్ఫయ్యారేళ్లు పనిచేశాను. వాదించేది వకీలు. ఆ వాదనకి కావలసిన కాగితాలు పోగుచేసి, వరస పెట్టి, దారం కుట్టి లోపలికి పంపేది గుమాస్తా. ఏ కాగితమైనా సరే, మూడు సెట్లు జెరాక్స్ తీయించాకే అసలుది కోర్టులో వేయాలి. నాకు ఇది సంధ్యావందనంతో సమానం.

నాంచారయ్య గిలకలదిండి హార్బర్లో వేలం పాడేవాడు. బోట్లు ఒడ్డుకి రాగానే చేపల కుప్ప పక్కన నిలబడి పాట ఎత్తుకుంటే, ఇంజన్ల రొద, ఐసు కొట్టే చప్పుడు అతని గొంతు కిందికి వెళ్లిపోయేవి. "ఒకటోసారి" మామూలుగా అనేవాడు. "రెండోసారి"ని సాగదీసేవాడు. తర్వాత ఆగేవాడు. ఆ ఆగిన కాసేపు హార్బరంతా అతని నోటి వైపే చూసేది. మా ఇంట్లో చేప పేరెత్తరు. అయినా ఆదివారం పొద్దున వాకింగని మా ఆవిడతో చెప్పి, సైకిలేసుకుని అక్కడికి వెళ్లేవాణ్ణి. రెండోసారికీ మూడోసారికీ మధ్యనున్న ఆ ఖాళీ కోసం.

గూడూరు దగ్గర రాంగ్ సైడులో వచ్చిన కారొకటి అతని మోపెడ్‌ని గుద్దింది. హ్యాండిల్ గొంతుకి తగిలింది. ప్రాణం దక్కింది గానీ స్వరపేటిక నలిగిపోయింది. ఆ తర్వాత నోరు తెరిస్తే గాలే వచ్చేది.

పరిహారం కోసం కేసు వేశాం. చిక్కంతా డిజెబిలిటీ సర్టిఫికెట్ దగ్గర వచ్చింది. కాళ్లు, చేతులు బాగానే ఉన్నాయని డాక్టర్లు రాసిచ్చారు. మా కేసుల్లో ఫంక్షనల్ డిజెబిలిటీ అని ఒక మాటుంది. దెబ్బ ఒంటికి ఎంత తగిలిందని కాదు, ఆ మనిషి చేసే పనికి ఎంత తగిలిందని చూడటం. అది రుజువు చేయలేకపోతే ఆసుపత్రి ఖర్చులతో సరిపెట్టి పంపేస్తారు.

నాంచారయ్య మాట్లాడలేడు కాబట్టి భార్య తిరుపతమ్మ బోనెక్కింది. ఇన్సూరెన్సు వకీలు తాపీగా అడిగాడు.

"చేపలు కళ్ల ముందే ఉంటాయి కదమ్మా. అమ్మడానికి గొంతెందుకు?"

"తమరూ కాగితాలు చూపించి ఊరుకోవచ్చు కదండీ. పొద్దుట్నించీ మాట్లాడతానే ఉన్నారెందుకు?"

హాలంతా నవ్వింది. నవ్వు రుజువు కాదు. ఆయన ఎలా పాడేవాడో చూపించేది ఏదైనా ఉందా అని ఆ సాయంత్రం ఆమెని అడిగాను. మర్నాడు కొంగు ముడి విప్పి ఒక మెమరీ కార్డు నా చేతిలో పెట్టింది. వాళ్లు దాన్ని చిప్పంటారు. ఆమె తమ్ముడు ఎప్పుడో సరదాకి ఫోన్లో తీసిన వీడియో, యాభై సెకన్లు.

"ఇదొక్కటేనా?"

"రోజూ వినపడే గొంతుని ఎవరు పట్టుకుంటారు పంతులు గారూ? మళ్లీ ఇచ్చేస్తారుగా?"

"కేసు తేలిన వారంలో నీ చేతిలో పెడతాను."

కోర్టు సాక్ష్యంగా తీసుకున్న వస్తువుని ఎగ్జిబిట్ అంటారు. నంబరు వేసి ఫైలుతోపాటే ఉంచేస్తారు. చిప్పుకి నంబరు పడింది, వీడియో వేశారు. ఇప్పుడు నిజం చెబుతున్నాను. ఎవరూ చెయ్యెత్తలేదు. వినపడటం లేదని బంట్రోతు ఫ్యాను కట్టేశాడు. యాభై సెకన్లు అయ్యాక జడ్జి గారు "సరే" అన్నారు, అంతే. తలుపు దగ్గర నిలబడ్డ నాంచారయ్య పెదాలు మాత్రం ఆ గొంతుతోపాటు కదిలాయి.

కేసు గెలిచాం. పరిహారం చేతికొచ్చింది. నేనే వాదించినట్టు నెల్లాళ్లు తిరిగాను.

తర్వాత తిరుపతమ్మ వచ్చింది. "చిప్పండీ." అప్పీలు గడువు దాటాలన్నాను. మళ్లీ వచ్చింది. కరోనా అన్నాను. మళ్లీ వచ్చింది. ఎగ్జిబిట్ వెనక్కి ఇమ్మని పెట్టే దరఖాస్తు ఒక్క పేజీ. ఏ రోజు కూర్చున్నా రాసేవాణ్ణే. తేలిపోయిన కేసు కట్ట అడుక్కి వెళ్లిపోతుంది, నేనూ పోనిచ్చాను.

"పోనీ, అన్నిటికీ మూడేసి నకళ్లు తీస్తారుగా మీరు. దీనికీ తీసే ఉంటారు" అంది ఒకసారి.

కట్ట విప్పాను. నిజమే, తీశాను. చిప్పుని జెరాక్స్ మిషను అద్దం మీద పెట్టించి, మూడు సెట్లు. తెల్ల కాగితం మధ్యలో గోరంత నల్ల మచ్చ. కింద నా దస్తూరీతో "నిజ నకలు" అని కూడా ఉంది.

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "ఇందులో ఆయన ఉన్నాడాండీ?"

హార్బర్లో ఇప్పుడు వేరే అతను పాడుతున్నాడు. నాంచారయ్య రొయ్యలు ఏరుతూ, "రెండోసారి" వినగానే చేతులాపి తలెత్తేవాడు. నేను కనపడితే ముందు నా చొక్కా జేబు వైపు చూసేవాడు. కొన్నాళ్లకి ఆదివారాలు నిజంగానే వాకింగుకి వెళ్లడం మొదలుపెట్టాను, ఇంకో దారిలో.

రెండున్నరేళ్లకి ఆ ఒక్క పేజీ రాశాను. చిప్పు చేతికొచ్చిన రోజే వాళ్లింటికి పట్టుకెళ్లాను. ఫోన్లో వేశాం. నాంచారయ్య తన గొంతు తను విని, కళ్లనీళ్లు పెట్టుకుని, నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

ప్రమాదం కేసు వచ్చినప్పుడు ఏం పోయిందని అడుగుతాం. దరఖాస్తులో గళ్లన్నీ దానికే. ఏం మిగిలిందని ఎవరం అడగం. ఆ ఇంట్లో మిగిలింది యాభై సెకన్లు. దాన్ని నేను సాక్ష్యమనుకున్నాను. ఇదే ఈ కేసు నాకు నేర్పింది.

ఇంతవరకు రాసి, వాళ్ల సంగతి కాబట్టి వాళ్లకి వినిపించడం మర్యాదని మొన్న గిలకలదిండి వెళ్లి తిరుపతమ్మకి చదివాను. ఎండుచేపలు తిరగేస్తూ, తలెత్తకుండా విన్నది.

"వేలం ముక్క కోతలని మీరే ఒప్పుకున్నారు, బాగుంది. ఆ చివర ముక్క కూడా కొట్టేయండి పంతులు గారూ. ఆ రోజు ఫోన్లో చిప్పు ఆడలేదు. ఏడ్చింది మీరు. ఆయన మీకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు."