పాల పంపు కాదు

దోన్కాను చూస్తే నాకు కడుపుమంట. దాచుకోవడం దేనికి? బల్గేరియాలోని వర్నా రేవు కస్టమ్స్‌లో నాది పందొమ్మిదేళ్ల సర్వీసు. ఆవిడ పనిచేసే పాల ఫ్యాక్టరీ మూతపడితే నిరుడొచ్చి చేరింది.

ఆయుధాల తయారీకి పనికొచ్చే సరుకు దేశం దాటకుండా చూడటం మా పని. మంగళవారం ఓ పెట్టె వచ్చింది. పెరుగు ఫ్యాక్టరీకి వెళ్లే పంపు అని కాగితంలో ఉంటే, పంపించవచ్చని సంతకం పెట్టేశాను. దోన్కా వెళ్లి పెట్టె తెరిపించింది.

"వెలిజారన్నా, పాల పంపయితే రోజూ విప్పి కడగాలి. దీన్నెలా విప్పుతారు? అంతా వెల్డింగేగా!"

పరీక్షిస్తే, విషవాయువు తయారీకి వాడే రకమని తేలింది. మా అధికారి ఆవిడకు వేడివేడి జున్ను బానిత్సా రొట్టె తెప్పించాడు. పందొమ్మిదేళ్లలో నాకు చల్లారిందైనా పెట్టలేదు.

"ఇంతకీ దీనికి సంతకం పెట్టిన మహానుభావుడెవరు?" అంటూ ఆయన కాగితం మీదికి వంగాడు.

దోన్కా తన ప్లేటు తెచ్చి సరిగ్గా నా సంతకం మీద పెట్టింది. "ముందు తినండి సార్, చల్లారిపోతుంది."

ఆయన తింటూ ఆ మాటే మరిచిపోయాడు.

తెలివంటే సరే. ఆ మంచితనం కూడా ఆవిడకే ఉండాలా?