లోర్నా బండిలో చల్లదనం

మెర్ల్ ట్రెగెంజాకు అరవై ఎనిమిదేళ్లు. అందులో ముప్ఫై ఏళ్లు స్కూలు క్యాంటీనులో పొయ్యి ముందే గడిచాయి. ఎండ తననేమీ చెయ్యలేదని చెప్పుకోవడం ఆమెకు అలవాటు. భర్త క్లారీతో మర్రే నది ఒడ్డున చక్రాల ఇళ్లు నిలిపే క్యారవాన్ పార్కులో, చిన్న ట్రైలర్ బండిలో తొమ్మిదేళ్లుగా కాపురం. అక్కడ నడివేసవి అయిన జనవరిలో ఆ రేకు పెట్టె ఎంత కాగినా, నుదురు తుడుచుకుని "ఇదీ ఒక ఎండేనా" అనేదే తప్ప నోరు విప్పి ఇంకో మాట అనలేదు.

నవంబరులో పక్క జాగాలోకి లోర్నా షిర్మర్ వచ్చింది. మొగుడు పోయిన మనిషి, ఇంకా చిన్న బండి. మూడో రోజే క్లారీని పిలిచి, ఉడికి చచ్చిపోతున్నాను, ఏదైనా ఉపాయం చెయ్యమని అడిగేసింది. వడ్రంగి పని మానేసి ఏళ్లయిన క్లారీకి రెక్కలొచ్చాయి. లోపలి పలకలు ఊడదీసి, వేడి లోపలికి రాకుండా గోడల్లో ఉన్ని కుక్కాడు. కిటికీలకు ఎండను తిప్పికొట్టే వెండి మెరుపు షీట్లు కొలిచి కత్తిరించాడు. కప్పుకు తెల్లరంగు వేసి, దాని మీద జానెడు ఎత్తున నీడ గుడ్డ కట్టాడు. సొంత బండికి తొమ్మిదేళ్లలో ఒక్క మేకు కొట్టని మనిషి!

మెర్ల్ ఓర్చుకోలేకపోయింది. అది అసూయేనని తనకు తెలుసు, తెలిసినంత మాత్రాన తగ్గలేదు.

ఆ పార్కులో సాయంత్రం నాలుగింటికి ఎవరి కుర్చీ, ఎవరి బీరు వాళ్లు తెచ్చుకుని ఒకచోట చేరడం ఆనవాయితీ. ఇప్పుడు చల్లగా ఉంటుందని కుర్చీలన్నీ లోర్నా గుమ్మం ముందే. అందరికన్నా ముందు వెళ్లేది క్లారీ కుర్చీ, ఆఖర్న తిరిగొచ్చేదీ అదే. మొగుణ్ణి అద్దెకిచ్చావా అని ఎదురు బండి డగ్ వేళాకోళమాడితే మెర్ల్ నవ్వేసి, లోపలికెళ్లి గిన్నెల మీద కసి తీర్చుకుంది. ఈ లెక్కన మనిషి మొత్తంగా అక్కడే ఉండిపోతాడేమోనన్న భయం ఆమెను పట్టుకుంది.

నలభై నాలుగు డిగ్రీలు కొడుతుందన్న రోజున, పొద్దున క్లారీ అటు వెళ్లగానే, మెర్ల్ తెప్పించి దాచుకున్న మెరుపు షీట్ల చుట్టలు బయటికి తీసింది. పడమటి గోడకు పైనుంచి కిందిదాకా, చీమ దూరే సందు లేకుండా అంటించింది. లోర్నా బండికన్నా తళతళలాడుతోందని మురిసిపోయింది.

నాలుగయ్యేసరికి ఫ్రిజ్‌లో వెన్న నూనైంది. గొర్రె మాంసం వాసనకొచ్చింది. బీరు కోసం వచ్చిన క్లారీ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు. బండి చుట్టూ తిరిగి చూశాడు. ఫ్రిజ్ వెనక వేడి బయటికి పోయే రెండు జాలీలూ షీటు కింద సమాధి అయి ఉన్నాయి.

కత్తితో వాటి మీద షీటు కోసేశాడు. తను మురిసిపోయిన షీటు మీద కత్తి పడేసరికి మెర్ల్‌కు మంటెత్తింది.

"ఆ లోర్నాకైతే రెండు వారాలు చేశావు. నాకు రెండు గంటలు కూడా లేవా?"

"నీకు ఎండ అంటదుగా మెర్ల్. తొమ్మిదేళ్లుగా అదే అంటున్నావు. ఆవిడ అడిగింది, చేశాను. నువ్వు ఒక్కసారైనా అడిగావా?"

"కట్టుకున్నవాణ్ణి అడుక్కోవాలా?"

"అడుక్కోవడం కాదు. చెప్పడం."

పక్కనుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఇన్నేళ్లు మింగిన మాట మెర్ల్ ఇప్పుడు బయటపెట్టింది.

"ఉడికిపోతున్నాను క్లారీ. వచ్చిన మొదటి ఏడాది నుంచీ."

క్లారీ జేబులోంచి కొలత టేపు తీసి గోడకు పెట్టాడు. ఉన్ని ఎంత మందం వెయ్యమంటావని అడిగాడు.

"ఆ లోర్నాకి వేసినదానికన్నా ఒక వేలు మందం ఎక్కువ," అంది మెర్ల్.