అత్తయ్య నోట "చాలు"

ముందుగా మన్నించండి. అయిదో తరగతితో బడి మానేశాను. ఒత్తులు తప్పుతాయి, రాత కోడి గీకినట్టుంటుంది. మొన్న మంగళవారం పొద్దున్న మా అత్తయ్య పోయారు. ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పమని మన తెలుగు సంఘం ఆడవాళ్లు అడిగారు. నలుగురిలో నోరు విప్పలేను కనక రాస్తున్నాను.

ఏడుపొస్తోంది గానీ గుండె తేలిగ్గానే ఉంది. పక్షవాతంతో ఎడమ కాలు పడిపోయాక అత్తయ్యకు ఒకటే భయం. "బాత్రూముకి నువ్వు మోసుకెళ్లీ రోజు నాకొద్దే" అనేవారు.

అప్పుడు శంకర్ నగర్ నుంచి లూనా మోపెడ్ మీద ఒక హిందీ అమ్మాయి రావడం మొదలుపెట్టింది. ఇంజనీరింగ్ పాసై, మనలాంటివాళ్లు కొనుక్కోగలిగే వైద్య పరికరాల మీద పరిశోధన చేస్తోంది. అత్తయ్య ఎడమ కాలి హవాయి చెప్పుకు మడమ కింద ఏదో పలక అతికించి, తీగ లాగి, పచ్చ బల్బు పెట్టింది. ఆ కాలి మీద సరిగ్గా బరువు వేస్తే బల్బు వెలుగుతుంది.

"ఇయాల కాలికి బల్బు. రేపు నెత్తిన పెళ్లి లైట్లు పెడతాది" అని అత్తయ్య వేళాకోళం.

మొదటి రోజు రెండడుగులకే కుర్చీలో కూలబడ్డారు. బల్బు బ్యాటరీ అయిపోకుండా అమ్మాయి స్విచ్చి ఆపింది. అత్తయ్య ఆయాసపడుతూ "చాలు, చాలు!" అన్నారు. అమ్మాయి మొహం విప్పారింది.

"చాలూ? అభీ కర్ దేతీ హూఁ, అమ్మా!" అని, ఇప్పుడే చేసేస్తానంటూ స్విచ్చి నొక్కి ఆవిడను లేవదీసింది. హిందీలో చాలూ చేయడమంటే మిషను ఆన్ చేయడం కదా!

నేను నవ్వాపుకుని అసలు అర్థం చెప్పబోతే అత్తయ్య నా చెయ్యి గిల్లారు. "ఊరుకోయే. తెలిస్తే ఆ పిల్ల నిజంగానే ఆపేస్తాది. నన్ను ఆపీవోళ్లు ఇంట్లో బోల్డుమంది ఉన్నారు."

అప్పట్నుంచి అలిసినప్పుడల్లా "చాలు" అనడం, గొణుక్కుంటూ లేవడం. "ఈ అమ్మ తనే చాలూ చేయమంటుంది" అని ఆ అమ్మాయి తన ప్రొఫెసరుకు గర్వంగా చెప్పుకునేదట.

వానలు వెలిసేసరికి అత్తయ్య గోడ పట్టుకుని ఒక్కరే బాత్రూముకు వెళ్లొచ్చారు. తలుపు బయట కాచుకున్న నన్ను చూసి, "ఏటే, టికెట్ కలెక్టర్లాగ నిలబడ్డావు? పో" అన్నారు. నేను మోసుకెళ్లే రోజు ఆవిడ ఏనాడూ రానివ్వలేదు.

మంగళవారమూ తనే స్నానం చేసొచ్చి వరండాలో కూర్చున్నారు. సగం కాఫీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, "చాలు" అన్నారు. అంతే.

అమ్మాయి పరుగున వచ్చింది. ఆఖరి మాట ఏమిటని అడిగితే చెప్పాను. ఏడుస్తూనే గుమ్మం దగ్గరున్న ఆ చెప్పు ముందు కూర్చుని స్విచ్చి నొక్కి, మడమ చోట అరచెయ్యి ఆనించింది. పచ్చ బల్బు వెలిగింది.

ఆ మాటకు మన అర్థం నేను చెప్పలేదు. మీరూ చెప్పకండి. చదివాక ఈ కాగితం పొయ్యిలో పెట్టేయండి.