పెద్దమ్మ నడిచిన నీలి గీత

పెద్దమ్మ పోయిందన్న మాట నాకు పాలతో పాటు వచ్చింది. మొన్నామధ్య ఒక మంగళవారం పొద్దున, ఎప్పటికన్నా కొంచెం ఆలస్యంగా, ఆమె మరిది మా గడప ముందు సైకిలు ఆపాడు. గిన్నెలో పాలు పోశాడు. క్యాన్ మూత పెట్టాడు. "వదిన పోయింది. తెల్లారంగ" అన్నాడు. అంతే, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇంట్లో మనిషిని పడుకోబెట్టుకొని పాలు పోయడానికి ఎలా వచ్చాడా అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే పెద్దమ్మ మాటే జవాబుగా గుర్తొచ్చింది: "పొదుగుకు పంచాంగం లేదు బిడ్డా." చావైనా పెళ్ళైనా బర్రెను పిండాలి. పిండిన పాలు ఎవరో ఒకరి ఇంటికి చేరాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆయన నాతో మాట్లాడటం పదమూడేళ్ళలో అదే మొదటిసారి.

ఆ పదమూడేళ్ళ మౌనానికి కారణం నేను కాగితం మీద గీసిన ఒక గీత. ఆ కాగితాన్ని నడుముకు చెక్కుకొని పెద్దమ్మ కొండ మీది నుంచి సముద్రం దాకా బర్రెలతో నడిచింది. ఆ దారి చివర, మందకు ముందు నడిచే ఆమె బర్రె చచ్చిపోయింది. నా గీతే దాన్ని చంపిందా అని తేల్చుకోవడానికి, సముద్రం దాకా ఎందుకు పోయావని పెద్దమ్మను ఎన్నిసార్లు అడిగానో. అడిగిన ప్రతిసారీ ఒక్కో జవాబు చెప్పింది. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. నాకు తెలియకుండా పోయినదాన్నే మీకు చెబుతున్నాను. సరిగ్గా చెప్పగలనో లేదో.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. గౌలిపురలో పాలవాళ్ళ ఇంటి పెద్ద కోడలు. నేను పుట్టకముందు నుంచీ హుస్సేనీ ఆలంలోని మా ఇంటికి వాళ్ళ పాలే. కొలిచి పోశాక చెంబు వంచి కొసరు పోసేది. ఆ కొసరు లేకుండా ఒక్కరోజైనా పోసిన గుర్తు నాకు లేదు. భర్త పోయాక మరిది, తను కలిసి బర్రెలను చూసుకొనేవారు. ఆయన్ని నేను కాకా అని పిలిచేదాన్ని.

అప్పుడు నాకు ముప్పై నిండలేదు. భూగోళంలో ఎం.ఏ. చేసి ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతున్నాను. అది కరువు ఏడు. ఊళ్ళో గడ్డి లేక, కాకా బర్రెలను అనంతగిరి గుట్టలకు తోలుకుపోయాడు. అక్కడా ఎండిపోయిందని కబురొచ్చింది. ఒక సాయంత్రం పెద్దమ్మ పాలు లేకుండా, ఖాళీ చేతులతో వచ్చి మా గడపలో కూర్చుంది. ఆమె అలా ఖాళీ చేతులతో రావడం నేనెన్నడూ చూడలేదు.

"బిడ్డా, నీకు దేశం నక్ష అంత ఎర్కనట గద. గీ మూసి యాడికెళ్ళి వస్తది?"

"అనంతగిరి గుట్ట మీదికెళ్ళి."

"మా బర్లున్న కాడికెళ్ళా! మరి యాడికి పోతది?"

నాకు ఉత్సాహం వచ్చింది. పరీక్ష కాగితం ఒకటి తీసుకొని, దాని వెనక వైపు నీలి సిరాతో గీత గీశాను. ఇక్కడ గుట్ట, ఇక్కడ మన పురానాపూల్, ఇక్కడ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, అక్కడి నుంచి హంసలదీవి దాకా పోయి సముద్రం. చివర నాలుగు అలలు కూడా వేశాను. కృష్ణ దిగువన కాలువలుంటాయనీ, అక్కడ వరిగడ్డికి లోటుండదనీ చెప్పాను.

"అయితే గుట్ట మీదికెళ్ళి సముద్రం దాంక నీళ్ళే నీళ్ళన్నట్టు" అంది పెద్దమ్మ, గీత మీద వేలు నడిపిస్తూ.

నేను అవునన్నాను.

ఎలా అన్నానో ఈనాటికీ నాకు అర్థం కాదు. ఆ నది మీది వంతెన నేను రోజూ దాటేదాన్నే. కింద ఇసుకలో చాకలివాళ్ళు చెలమలు తవ్వుకొని బట్టలు తడుపుకోవడం ఆ పొద్దున కూడా చూశాను. మరి కాగితం మీద నీలి గీత గీసేటప్పుడు ఆ ఇసుక ఎక్కడికి పోయింది? ఒక్కోసారి నేను అవునని అనలేదనీ, ఊరికే తలూపాననీ అనిపిస్తుంది. తలూపితే మాత్రం తేడా ఏముంది?

పెద్దమ్మ అనంతగిరికి వెళ్ళింది. ఆరేడు రోజులకు బర్రెలన్నీ నది వెంట దిగివస్తున్నాయని తెలిసి, బడికి వెళ్ళకుండా పురానాపూల్ మీద నిలబడ్డాను. ఎండిన నది మధ్యలో నల్లగా, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అన్నిటికన్నా ముందు మెడలో ఇత్తడి గంటతో ముందరి బర్రె. దానికి పలుపు లేదు. పాలవాళ్ళ ఆచారం అది: దూరం తోలేటప్పుడు ముందరి బర్రెను కట్టరు, మలపరు. రెండు దారులొచ్చిన చోట అది ఎటు పోతే మనుషులు అటే. "మనం నీళ్ళను అడిగి తెల్సుకుంటం. అది వాసన పడ్తది" అనేది పెద్దమ్మ.

"పెద్దమ్మా! ఇంటికి పోయి రాత్రికి పండి పోరాదు!" అని పైనుంచి అరిచాను.

"ఇంటి మొఖం జూస్తె ఇవి కదులుతయా? ఇట్లనే పోతం!"

"బువ్వ తిన్నవా?"

"తినకుంటె నడుస్తనా?" అని నవ్వి, నడుము దగ్గర చెక్కుకున్న నా కాగితాన్ని తట్టి చూపించింది. ఇల్లు అంత దగ్గరలో పెట్టుకొని వంతెన కిందుగా సాగిపోయింది. ఆమె చూపించిన ఆ కాగితానికి నేను గర్వపడ్డాను. అది దాచడం ఎందుకు?

తరువాత చాలాకాలం ఏ కబురూ లేదు. మళ్ళీ వానలు పడ్డాకే తిరిగొచ్చారు. ఈసారి వంతెన మీదుగానే వచ్చారు. ముందు బర్రె లేదు. గంట చప్పుడు మాత్రం వినిపించింది. చూద్దును కదా, ఆ గంట పెద్దమ్మ నడుముకు ఉంది. కొంగు బిగించి కట్టుకొని ఆమే ముందు నడుస్తోంది. మంద ఆమె వెనక నడుస్తోంది. ముందరిది పోయాక మిగిలినవి అడుగు కదపలేదట. గంట తాను కట్టుకొని నడిస్తే అప్పుడు లేచాయట. కృష్ణ దిగువ నుంచి గౌలిపుర దాకా అట్లా నడిచిన మనిషి కాళ్ళు నేను చూశాను. ఇక్కడ వర్ణించను.

మర్నాడు నేను వాళ్ళ కొట్టం దగ్గరికి వెళ్తే కాకా ఎదురొచ్చాడు. ఎప్పుడూ బిడ్డా అని పిలిచే మనిషి.

"పంతులమ్మా, నీ కాగితం మంచిగనే ఉన్నది. బర్రెనే లేదు" అన్నాడు.

తరువాత పాలు పోశాడు, లెక్కలేనన్ని పొద్దులు. మాట మాత్రం పోయింది.

పెద్దమ్మ అలా చేయలేదు. మొదటి బర్రె ఈనగానే జున్నుపాలు తానే పట్టుకొచ్చింది. అది నన్ను క్షమించడమో, లేక ఎప్పటిలా పంచడమో నాకు తెలియలేదు. గడపలో కూర్చొని దారి సంగతులు చెప్పేది. సాయంత్రం పాలు చేతిలో ఉంచుకోకూడదు కాబట్టి, ఎవరు దిగడానికి చోటిస్తే ఆ పూట పాలు వాళ్ళవే. ఒక ఊళ్ళో దర్గా ముజావరు చోటిచ్చాడు. ఇంకో ఊళ్ళో సాలెవాళ్ళు మగ్గం గుంట పక్కన పడుకోమన్నారు. ఒకచోట ముసలామె ఒకతె చోటు ఇచ్చింది కానీ పాలు తీసుకోనన్నదట. "గా ముసల్దానితోని లొల్లి జేసిన. పాలు తీస్కోకుంటె నీ జాగల పండనని. ఆఖరికి పిల్లికి పోయమన్నది. పిల్లికే పోసిన."

మా వీధి మొదట్లో టీ హోటలు భాయ్, పాలల్లో సముద్రపు నీళ్ళు కలపలేదు కదా అని ఆమెను ఏడిపించేవాడు. "క్యా అమ్మా, సముందర్ తక్ గయే కతే! దూధ్ మే ఖారా పానీ తో నై మిలాయే?"

"నీ చాయ్‌ల ఉప్పొక్కటే తక్కువున్నది భాయ్. కలుపాల్నా?" అనేది ఈమె, క్యాన్ దించకుండానే.

అలా నవ్వుతున్నప్పుడే నేను అడిగేదాన్ని. కాలువ గట్ల మీద గడ్డి దొరికాక ఆగిపోవచ్చు కదా, ఇంకా రెండు రోజులు నడిచి సముద్రం దాకా ఎందుకు పోయావు?

ఒకసారి, "నీ గీత ఆడిదాంక ఉన్నది గద. సగంల ఇడిశిపెడ్తమా?" అంది. నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు.

ఇంకోసారి, "నేనేడ పోయిన? అది తీస్కపోయింది. దాని ఎనుక నేను" అంది.

మరోసారి, ఏళ్ళు గడిచాక, "మీ పెద్దబాపును బూడిద జేసి పురానాపూల్ కాడ మూసిల కలిపినం గద. యాడిదాంక పోయిండో సూద్దమని పోయిన" అంది. కళ్ళల్లో నవ్వుంది. వెక్కిరిస్తోందో నిజం చెబుతోందో పోల్చుకోలేకపోయాను. నేను నమ్మినట్టు చూశానేమో, "గట్ల సూస్తవేంది? అబద్ధం గిట్ల ఉంటె నీళ్ళకన్న జల్ది కలుస్తది పాలల్ల. కలిసినంక తీసుడు నీతోని కాదు" అంది.

తరువాత హంసలదీవి ఉన్న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన ఏడు, వార్తాపత్రిక పట్టుకొని మా ఇంటికి వచ్చింది. చదవడం రాదు ఆమెకు. "ఊర్ల పేర్లు సదువు" అంది. ఒక్కొక్కటే చదివాను. ఒక పేరు దగ్గర, "ఇగ చాలు బిడ్డా" అని లేచిపోయింది. అది పాలు పిల్లికి పోయమన్న ముసలామె ఊరేనా? అడగలేదు. అడగాల్సినవన్నీ ఇట్లాగే వాయిదా వేశాను.

పెద్దమ్మ దినాల నాడు గౌలిపుర వెళ్ళాను. కొట్టం గోడకు ఇత్తడి గంట వేలాడుతోంది. భోజనాలయ్యాక కాకా నన్ను పక్కకు పిలిచాడు. పాత గుడ్డలో చుట్టినదేదో చేతిలో పెట్టాడు.

"బిడ్డా, గిది నీదే. వదిన సందుగ పెట్టెల ఉన్నది."

నా కాగితం. మడతల దగ్గర చిరిగి పోగులయింది. ఎంతగా విప్పి మడిచిందో. నీలి గీత అక్కడక్కడ వెలిసిపోయింది. గీత పొడుగునా పసుపు చుక్కలున్నాయి. గిట్టలకు దెబ్బ తగిలితే రాయడానికి వెన్నలో పసుపు కలిపి డబ్బీలో తీసుకుపోయేవాళ్ళు. దిగిన ప్రతిచోటా, ఆ మందులో వేలు ముంచి ఒక చుక్క పెట్టిందట. లెక్కపెట్టాను. ఒకసారి ముప్పై ఆరు వచ్చాయి, ఒకసారి ముప్పై ఎనిమిది.

నగరం దాటాక కొంతదూరం చుక్కలు గీత మీదే ఉన్నాయి. తరువాత గీతను వదిలి, నేనేమీ గీయని తెల్లకాగితం మీదికి వెళ్ళాయి.

"ఇక్కడేమైంది కాకా?"

"వలిగొండ దాటినంక చెలమ తవ్వితె తేమ కూడ దొరకలె. రెండు దినాలు ముందరి బర్రెకు పలుపు గట్టి మూసి ఎంబడే గుంజింది, నీ గీత జూస్కుంట. ఎన్నడు గట్టలే వదిన దాన్ని. మూడోనాడు పలుపు ఇప్పింది. 'నువ్వే జూసుకో తల్లీ' అన్నది. అది మమ్ముల పక్కకు గుంజుకపోయి ఒక చెరువు కాడ నిలబెట్టింది."

ఆ రెండు రోజుల పలుపు సంగతి పెద్దమ్మ నాతో ఎన్నడూ అనలేదు.

"మరి సముద్రం దాకా? అది నా గీత జూసేనా?"

కాకా వంగి ఒక బర్రె ముందుకు గడ్డి జరిపాడు. "మిగతా బర్లను కాల్వ కాడ ఒక ఆసామికి అప్పజెప్పినం. వదిన, నేను, ముందరిది, ముగ్గురమే పోయినం. పలుపు లేదు. అది ముందు నడిచిందా, వదిన ముందు నడిచిందా అని అడిగితె నేనేం జెప్త? పక్కపక్కన నడిచిండ్రు. తిరిగి కాల్వ కాడికొచ్చిన నాలుగోనాడు అది లేవలె. ఉప్పునీళ్ళో, గడ్డి మారిందో, వయసో. ఏదని జెప్త?"

"మరి నాతో పదమూడేండ్లు ఎందుకు మాట్లాడలేదు కాకా?"

"ఎవల మీదనన్న కోపం జేయాలె గద బిడ్డా. బర్రె మీద జేస్తనా, వదిన మీద జేస్తనా?"

కోపానికి నేను దొరికానంటే నాకు ఊరట కలగాలి. కలిగిందో లేదో చెప్పలేను. ఆ రెండు రోజుల పలుపు నాదే. ఆ తరువాతి దారి నాది కాదేమో. వీటిలో ఏది ఆ బర్రెకు భారమైందో తేల్చే మనిషి ఇప్పుడు లేదు. ఆమె ఉన్నా తేల్చేది కాదేమో, ఇంకో కొత్త జవాబు చెప్పి క్యాన్ ఎత్తుకొనేది.

ఇంటికొచ్చి కాగితాన్ని కిటికీకి ఆనించి చూశాను. వెన్న ఇంకిన చోటల్లా కాగితం పలచబడి, సాయంత్రపు ఎండ చుక్కచుక్కగా లోపలికి వస్తోంది. గుట్ట, వంతెన, చెరువు, కాలువ. చివర నేను వేసిన నాలుగు అలలు. నా గీత అక్కడితో ఆగిపోయింది.

అలలకు అవతల, ఏమీ లేనిచోట, ఇంకొక చుక్క ఉంది.

దాని గురించి కాకా గౌలిపురలోనే చెప్పాడు. తాను ఒడ్డు మీదే నిలబడిపోయాడట. ముందరి బర్రె నీళ్ళల్లోకి దిగింది. పెద్దమ్మ దాని వెంట దిగింది. నడుము లోతులో ఇద్దరూ ఆగారు. బర్రె మూతి ముంచి, ఒక్క గుక్క తాగి, తలెత్తి పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ దాని వైపు చూసింది. చాలాసేపు అలాగే, అలలు వచ్చి ఇద్దరికీ తగులుతూ ఉంటే, మెడలో గంట మోగుతూ ఉందట.