వీరేశం కంపెనీ మిషన్

సూర్యాపేటలో వడ్రంగం చేసే వడ్ల వీరేశం దగ్గరికి దర్వాజ, అంటే ద్వారబంధం, చేయించుకుందామని ఎవరైనా వెళితే, ఆయన టేకు ఊసు ఎత్తడు, వేప ఊసు ఎత్తడు. ముందు కుర్చీ వేసి కూర్చోబెడతాడు. ఇంట్లోకి వెళ్లి నల్లటి పెట్టె ఒకటి రెండు చేతులా ఎత్తుకొస్తాడు, పురిటి బిడ్డను తెచ్చినట్టు. మూత తీసి, పైనున్న పట్టు కండువా మడత విప్పి, లోపలున్న డ్రిల్లింగ్ మిషన్ చూపిస్తాడు. ముట్టుకోనివ్వడు సుమా, చూడటం వరకే!

"సూడుండ్రి సారు, అసల్ కంపెనీ మాల్. బ్యాటరీది. సస్తా సామాను నా చేతికి ఆనదు. పనిముట్టు సస్తాదైతే పని గూడ గట్లనే ఏడుస్తది" అంటాడు.

వచ్చినవాడు తలూపి, బయానా ఇచ్చి వెళతాడు. అతని బండి సందు మలుపు తిరిగిందో లేదో, పెట్టె మళ్లీ దేవుడి గూటి కిందికి చేరుతుంది. మూలనున్న యూరియా సంచిలోంచి ఇంకో మిషన్ బయటికి వస్తుంది.

దాని అవతారం చూడాలి! కోదాడ బస్టాండు దగ్గర, రోడ్డు పక్కన పరదా పరుచుకుని అమ్మేవాడి దగ్గర కొన్నది. మొదట్లో ఏదో పేరుండేది గానీ చెమటకు చెరిగిపోయింది. "ఎన్నాళ్లొస్తదయ్యా?" అని వీరేశం ఆనాడు అడిగితే, "ఉన్నన్నాళ్లు ఉంటుందండీ మేస్త్రీగారూ. గ్యారంటీ మాత్రం అడక్కండి, నాకే లేదు" అన్నాడట ఆ మహానుభావుడు. వైరుకు మూడు రంగుల టేపు, నడుముకు సైకిల్ ట్యూబు కట్టు, స్విచ్ ఉండాల్సిన చోట చెక్కపుల్ల. నడవాలంటే వీపు మీద ఒకటి చరచాలి. చరిస్తే మాత్రం అబ్బో, ఆ రంకెకు వాడలో కుక్కలన్నీ లేచి పరుగెత్తాల్సిందే. పేటలోనూ, ఆత్మకూరులోనూ వీరేశం నిలబెట్టిన దర్వాజలన్నిటికీ బెజ్జాలు కొట్టింది అదే. కష్టం దానిది, పేరు పెట్టెలో ఉన్న మహారాణిది.

మరి మహారాణి ఎందుకు పని చేయదయ్యా అంటే, దాన్ని దసరాకు ముందు కొన్నాడు. ఆయుధ పూజ నాడు వీరేశం భార్య సరోజన ఉలి, బాడిస, రంపం, చిత్రికల పక్కన దాన్నీ కూర్చోబెట్టి పసుపు రాసి బొట్టు పెట్టింది. మర్నాడు ఉలి పనిలోకి దిగింది, బాడిస దిగింది. మిషన్ మీదికి మాత్రం వీరేశానికి చెయ్యి రాలేదు. నిగనిగలాడుతోంది. పొట్టు పడితే? జారి కింద పడితే? "మొదటి పని మంచి పని కావాలె" అన్నాడు. ఆ మంచి పని రాకముందే ఇంకో దసరా వచ్చింది. మహారాణి మళ్లీ బొట్టు పెట్టించుకుంది.

"అది మిషనా, అమ్మోరా?" అని సరోజన నిలదీసేది. "వాడనిదానికి గిన్ని పైసలెందుకు పోసినవయ్యా?"

"నీకేం తెల్వదు, ఊకో. రఫ్ పనికి రఫ్‌ది, అసలు పనికి అసల్ది."

"ఆ అసలు పని ఎప్పుడొస్తదో! నేను సచ్చినంక నా పాడె చేస్తవా దానితోని?"

ఆమె నోరు అలాంటిది. మనసు మాత్రం వెన్న.

చివరికి అసలు పని మిర్యాలగూడ నుంచి వచ్చింది. రైస్ మిల్లు సుధాకర్ మూడంతస్తుల ఇల్లు మొదలుపెట్టాడు. సూర్యాపేట వచ్చి, నల్లపెట్టె చూసి, ఉపన్యాసం విని, ముందు పెద్ద దర్వాజ ఒక్కటి చేయమన్నాడు. అది నచ్చితే ఇంట్లో కర్రపనంతా వీరేశానిదే. నచ్చకపోతే కోదాడ మేస్త్రీ ఒకాయన కాచుకుని ఉన్నాడు. వీరేశానికి యాభై దాటాయి. జనం రెడీమేడ్ తలుపుల వెంట పడుతున్న ఈ రోజుల్లో అలాంటి ఇల్లు మళ్లీ తగలదని ఆయనకు బాగా తెలుసు. ఒళ్లు దాచుకోకుండా చేశాడు. దర్వాజ కూడా అలాగే వచ్చింది, చూస్తే దిష్టి తగిలేట్టు.

ముహూర్తం రోజు పొద్దున్నే ట్రాలీ ఆటోలో దర్వాజ ఎక్కించుకుని భార్యాభర్తలిద్దరూ మిర్యాలగూడ బయలుదేరారు. దర్వాజ నిలబెట్టిన వడ్లాయనకు ఇంటివాళ్లు కొత్త బట్టలు పెడతారు, ఆయన భార్యకు చీర పెడతారు. ఆ చీర కోసమే సరోజన వచ్చింది, దాచుకోవడమెందుకు. నల్లపెట్టె వీరేశం ఒళ్లో ఉంది. యూరియా సంచి పాతగుడ్డల కింద ఉంది. గోడలోకి దిగే ఇనుప పట్టీలకు బెజ్జాలన్నీ ఇంటి దగ్గరే కొట్టుకుని వచ్చాడు, అక్కడ మిషన్‌తో పని పడకుండా. ఎప్పుడూ అదే ఆయన పద్ధతి.

కొత్త ఇంటి ముందు చుట్టాలందరూ చేరారు. సుధాకర్ తల్లి శాంతమ్మ పనిముట్లకు బొట్టు పెట్టింది. వీరేశం పెట్టె తెరిచి, సస్తా సామాను మీద తన ఉపన్యాసం మొత్తం అప్పజెప్పాడు. అంతా సాఫీగా సాగిపోతుండగా, గోడ కట్టే తాపీ మేస్త్రీ తల గోక్కుంటూ, "దర్వాజ మస్తు బరువున్నది. కింద ఇంకో పట్టీ ఏస్తే మంచిగుంటదన్నా" అన్నాడు.

సుధాకర్‌కు హుషారు పుట్టింది. "గంతే గదా! వీరేశం, కొట్టు నీ కంపెనీ మిషన్‌తోని. ఇనుడే గాని అది నడుసుడు సూడనే లేదు."

వీరేశం నోట్లో వెలక్కాయ పడింది. "చిన్న బొక్కకు గదెందుకు సారు..."

"ఏ, కొట్టవయ్యా! ముహూర్తం పోతది."

దండం పెట్టుకుని మిషన్ తీశాడు. కర్రకు ఆనించి నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకోసారి నొక్కాడు. ఎర్ర లైటు ఒకటి గుడ్లు మిటకరించి ఆరిపోయింది. అలవాటు కొద్దీ వీపు మీద చరిచాడు. తన్నులకు లొంగడానికి అదేమన్నా కోదాడ మిషనా?

"ఛార్జింగ్ పెట్టినవా?" అన్నాడు సుధాకర్.

"కొన్ననాడు దుకాణపాయననే పెట్టిచ్చిండు సారు."

"కొన్నదెప్పుడు?"

వీరేశం పట్టు కండువాతో మిషన్ తుడవసాగాడు. సరోజన పలికింది. "పోయిన దసరాకు కాదు సారు, దాని ముందల దసరాకు. బొట్లు పెట్టించుకునుడు తప్ప ఇయ్యాల్టి దాంక ఒక్క పని చెయ్యలే."

పంతులుగారు గడియారం చూసుకుని దగ్గారు. సరోజన ఇక ఆగలేదు. ఆటో దగ్గరికి నడిచి, యూరియా సంచి తెచ్చి అందరి నడుమ దభీమని పడేసింది.

"వద్దే, సరోజనా" అన్నాడు వీరేశం, సంచికి అడ్డం వచ్చి.

"నీ ఇజ్జత్ కోసం ముహూర్తం ఆగుతదా? కానియ్యి!"

సైకిల్ ట్యూబు కట్టుకున్న ఆ శాల్తీ బయటికి రాగానే చుట్టాలు పడీ పడీ నవ్వారు. వీరేశానికి భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. తలెత్తకుండా వైరు పెట్టి, పుల్ల సర్ది, వీపు మీద చరిచాడు. అది రంకె వేసింది. పంతులుగారు రెండడుగులు వెనక్కి గెంతారు. బెజ్జం పడింది, పట్టీ బిగిసింది, దర్వాజ ముహూర్తం దాటకుండా నిలబడింది.

మంత్రాలు అయ్యాక సుధాకర్ దగ్గరికి వచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

"ఏంది వీరేశం? సూపెట్టేదొకటి, చేసేదొకటా? నేను బియ్యం గిట్ల అమ్మితే ఒక్కడన్న కొంటడా? నీకు పనెట్ల ఇయ్యాలె?"

వీరేశం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏడాది పని కళ్లముందే చేజారిపోతోంది.

"ఓరి సుధాకరూ!" అని శాంతమ్మ అందుకుంది. "నీ కొత్త కారు సీట్లకు కవర్లు తీసినవారా? ఎండకు రంగు పోతదని ముసుగేసి పెట్టి, నన్ను దవాఖానకు పాత స్కూటర్ మీద తీస్కపోతివి. నడుములిరిగినయి నాకు. ఆయనను అననీకి నోరెట్లొచ్చిందిరా నీకు?"

ఈసారి నవ్వు సుధాకర్ మీదికి తిరిగింది. తాపీ మేస్త్రీ అయితే కూర్చుండిపోయి నవ్వాడు. సుధాకర్ కందగడ్డలా ఎర్రబడి, దర్వాజ చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో నిమిరి చూసి, తనూ నవ్వేశాడు.

"సరే, దర్వాజ అయితే ఫస్ట్‌క్లాస్ ఉన్నది. పని నీకే ఇస్తున్న. గాని గా సంచిల మిషన్ ఇగ నాకు కనపడొద్దు. కంపెనీదే వాడాలె. కొత్త బ్యాటరీ నేనే తెప్పిస్త."

సరోజనకు చీర వచ్చింది, అంచు కూడా పెద్దదే. తిరుగు దారంతా ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని నిమురుకుంటూనే ఉంది. అంత పెద్ద పని దొరికిన వీరేశం మాత్రం బిత్తరపోయి కూర్చున్నాడు.

పని మొదలైంది. గరుకు కాగితం పెట్టి కర్ర రుద్దడానికి సరోజన తోడు వచ్చింది. వీరేశం కొత్త బ్యాటరీ వేసి మిషన్ పట్టుకున్నాడు. తేనెటీగలా సన్నగా మోగింది. వణకలేదు, వేడెక్కలేదు, వెన్నలో దిగినట్టు టేకులోకి దిగింది. తీసి చూస్తే బెజ్జం పక్కకు పోయింది.

మిషన్ తిప్పి చూశాడు. బిట్ చూశాడు. అంతా సవ్యంగానే ఉంది. ఇన్నేళ్లలో బెజ్జం వంకర పోయినప్పుడల్లా "సస్తా మిషన్, ఏం జేస్తం!" అని తిట్టి ముందుకు పోయేవాడు. ఎన్నిసార్లు తిట్టాడో! ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు బతుకు వెళ్లిపోయింది. మంచి మిషన్ పట్టుకున్న నాడు ఆ మాట అనడానికి వీలుండదని లోపల ఎక్కడో తెలుసు. మహారాణిని అన్నాళ్లు పెట్టె దాటనివ్వనిది భక్తి కాదు, ఈ భయమే. పొట్టు పడుతుందనీ, జారి పడుతుందనీ అన్నీ సాకులే.

రుద్దుతున్న సరోజన తలెత్తింది. "ఏమైందయ్యా? మిషన్ మంచిగ లేదా?"

వీరేశం ఆ బెజ్జంలోని పొట్టు ఊదేశాడు.

"మిషన్ మంచిగనే ఉన్నది. నేనే వంకర కొట్టిన" అన్నాడు.

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన నోట ఆమె ఆ మాట వినలేదు. సరోజన చేతిలోని కాగితం పక్కన పెట్టింది. లేచి వెళ్లి, చెత్తలో వెతికి, ఆ బెజ్జం పూడ్చడానికి సరిపోయే టేకు ముక్క ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.