నేను కోసేసిన వాగు

మొన్న మా మనవరాలు ఫోనులో బిర్యానీ వంట ఒకటి చూపించింది. బియ్యం కడగడం మొదలు వడ్డన దాకా అర నిమిషం కూడా పట్టలేదు. అది ముచ్చటపడుతుంటే నేనూ తలూపాను గాని, మనసు మాత్రం మణుగూరులో నేను ఫోటో స్టూడియో నడిపిన చివరి రోజుల మీదికి పోయింది. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఫోనున్న ప్రతివాడూ ఫోటోగ్రాఫరైపోయి, పెళ్ళిళ్ళకు మమ్మల్ని పిలవడం తగ్గించిన కాలమది.

నేను మామూలు పనివాణ్ణి కాదు, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. మా నాన్నను అబ్బా అనేవాళ్ళం, ఆయన దగ్గర నేర్చిన పని. మూడు రోజుల పెళ్ళిని, అలిగిన మేనమామతో సహా, రెండు గంటల క్యాసెట్‌లోకి దించితే ఫలానాది పోయిందని ఒక్కరూ అనేవారు కాదు. విసుగు పుట్టించేది కనిపెట్టి తీసెయ్యడమే నా విద్య. గిరాకీ లేక ఈగలు తోలుకుంటున్న రోజుల్లో, రేషన్ కార్డు ఫోటో కోసం అడవి ఊరి నుంచి వచ్చిన ఒక కోయ అక్క మాటల్లో పడి తమ వంటల గురించి చెప్పుకొచ్చింది. ఆమె వండితే నేను తీసి ఇంటర్నెట్‌లో పెట్టడం అట్లా మొదలైంది. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ లేక తన వీడియోలు తనే చూసుకునేది కాదు గాని, కొన్ని వందల మంది మాత్రం చూసేవారు. ముదిగొండ ఊరి పంతులమ్మ ఒకావిడ ప్రతి వీడియో కింద వంట వరుసంతా ఓపికగా టైపు చేసి పెట్టేది, ఒకరు అడిగినదానికి మరొకరు జవాబు రాసేవారు, ముఖాలు తెలియకపోయినా అందరం ఒక ఇంటివాళ్ళలాగే ఉండేవాళ్ళం.

ఒకసారి అక్క చేదుదుంప వండింది. పలుచగా ముక్కలు కోసి, వెదురు గంపలో పోసి, మూడు రోజులు వాగులో ఉంచింది. ఎందుకని నేను అడగలేదు, వాళ్ళ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి కాబట్టి ఆమె చెప్పలేదు, శుభ్రం కోసం కాబోలనుకున్నాను. మూడు రోజులూ వెళ్ళి తీశాను గాని, ఎడిటింగ్‌కు కూర్చుంటే గంప, నీళ్ళు, మళ్ళీ గంప, నీళ్ళు చూసి నాకే ఆవలింతలొచ్చాయి. వాగు మొత్తం తీసేశాను. కోసిన ముక్క నేరుగా ఉడికే కుండలో పడింది, అతుకు ఎవరూ పట్టలేనంత నున్నగా వచ్చిందని మురిసిపోయాను కూడా. పంతులమ్మ చూసింది చూసినట్టే రాసి పెట్టింది.

వారం తర్వాత అక్క షాపుకొచ్చిన పూట, కల్లూరు దగ్గరి నుంచి ఒకామె ఆ పొద్దునే రాసిన మాటలు గర్వంగా చదివి వినిపించాను. తమ చేను వెనక గుట్ట మీద అదే తీగ ఉందట, దుంప తవ్వి ముక్కలు పొయ్యి మీద పెట్టిందట, మధ్యాహ్నం బడి నుంచి వచ్చే పిల్లలకు పెడుతుందట. అక్క మెచ్చుకుంటుందనుకుంటే, వాగులో ఎన్ని రోజులు పెట్టిందని అడిగింది. నేను తెల్లబోయి వీడియో చూపించాను. ఉడికే కుండ కనిపించగానే ఆమె ఆపమంది.

"వాగును తీసేసినవేంది భాయ్? గా దుంపల విషముంటది. అది వాగే గుంజుకోవాలె."

ఆ తల్లికి జవాబు రాశాను, పలకలేదు. ఫోన్ నంబరు లేదు, ఇల్లు తెలియదు. కల్లూరు వైపు ఎవరైనా ఉంటే ఈమెను ఆపండని అందరికీ కనిపించేటట్టు రాశాను. పంతులమ్మ తన రాత తీసేసి, తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు మొదలుపెట్టింది. ఆ తల్లి తన పేరు పక్కన పెట్టుకున్న ఫోటోలో వెనక ఒక పిండిగిర్ని కనిపిస్తోంది, అది చూసి ఎవరో ఒకాయన, ఆ గిర్ని తమ బజార్లోదేనని, బండి తీస్తున్నానని రాశాడు. అక్కా నేనూ తెర వైపే చూస్తూ కూర్చున్నాం, ఎంతసేపో చెప్పలేను. చివరికి ఆయన జవాబు వచ్చింది.

"కుండ దింపించిన. పిల్లలు ఇంకా ముట్టలే."

సిగ్గు లేకుండా ఏడ్చాను. మర్నాడు వాగును మళ్ళీ వీడియోలో కలిపాను, మూడు రోజులూ ఉన్నది ఉన్నట్టుగా. విషం సంగతి మొదట్లోనే చెప్పే మాటలు ఆ కల్లూరు తల్లే తన గొంతుతో పంపింది. విసుగ్గా ఉందని ఎవరూ అనలేదు. నేను చేసిన వాటిలో మంచి పని ఏదంటే ఇప్పటికీ అదే చెబుతాను.

ఇప్పుడు లక్షల మంది చూస్తారట, సంతోషమే. కెమెరాలు నా రోజులకంటే బాగున్నాయి, పిల్లల చేతులూ నావాటికంటే చురుకే. కాని వీడియో చూసి వేలితో పైకి తోసేసే ఈ రోజుల్లో, ముక్కూ మొహం తెలియని మనిషి పొయ్యి ఆర్పడానికి ఎవరైనా బండి తీస్తారా అని మాత్రం దిగులుగా ఉంటుంది.