నేను తిప్పేసిన పేజీలు

మొన్న భూపాలపల్లిలో పెళ్లికని జనగామ నుంచి బయలుదేరినప్పుడు, మా అన్న కొడుకు తన కొత్త కరెంటు కారులో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, "అత్తా, జర సప్పుడన్న ఉన్నదా చూడు! గిసొంటి బండి మీ కాలంల యాడిది?" అని మురిసిపోయాడు. గంటకు వంద కిలోమీటర్లు దాటిన మొట్టమొదటి కారు కరెంటుదేనని, అది నూరేళ్లకు ముందటి మాటని నేనంటే వాడు నమ్మలేదు. ఏదో పుస్తకంలో చదివానన్నాను గానీ, ఎవరికోసం చదివానో చెప్పడానికి నోరు రాలేదు. నా ఈడువాళ్లు మీరు, మీతో చెప్పుకోగలననిపిస్తోంది.

మా బాపుకు జనగామలో జీపులు బాగుచేసే షెడ్డు ఉండేది. చేతుల నూనె తుడుచుకోవడానికి తెచ్చిన పాత కాగితాల కట్టలో, అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. నేల మీద అన్నిటికన్నా వేగంగా పరుగెత్తిన కార్ల చరిత్ర అది. అన్న బడి మానేసి బాపుతోనే పనిచేస్తున్నాడు. ఇంట్లో కాలేజీకి పోయేదాన్ని నేనొక్కదాన్నే. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ ఇద్దరూ పాత టైర్ల మీద కూర్చుంటే, నేను ఒక్కో పేజీ తెలుగులో చెప్పేదాన్ని. తూటాలా ఉన్న కరెంటు కారు మీద నడుము పైభాగమంతా గాలికి వదిలి కూర్చున్న డ్రైవరు, ఆ తర్వాత ఆవిరి కారు, ఆ పైన విమానాల ఇంజన్లు బిగించుకుని సముద్రపుటొడ్డు ఇసుకలో దూసుకుపోయిన రాక్షసి బండ్లు. బాపు ఎప్పుడూ బ్రేకుల గురించీ టైర్ల గురించీ అడిగేవాడు. అన్నకు కావలసింది ఒక్కటే: "ఎంత స్పీడు కొట్టిండు?"

ఆ పుస్తకంలో చావులు కూడా ఉన్నాయి. అవి వచ్చినప్పుడల్లా నేను పేజీ తిప్పేసేదాన్ని. బాపు వింటే చదవడం మాన్పిస్తాడని భయం. నిజం చెప్పాలంటే, నా మాట కోసం ఆ ఇద్దరూ అట్లా చెవులప్పగించి కూర్చోవడం నాకు ఇష్టంగా ఉండేది.

ఆ యేడు పత్తి ఏరే రోజుల్లో, బాగుచేసిన జీపును నడిపి చూసొస్తానని అన్న ఒక్కడే బచ్చన్నపేట రోడ్డు మీదికి తీసుకుపోయాడు. స్పీడు ముల్లు ఎంతదాకా పోతుందో చూద్దామనుకున్నాడట. ముందు టైరు పగిలి జీపు చేలో బోల్తా కొట్టింది. పత్తి ఏరే ఆడవాళ్లే పరుగెత్తుకొచ్చి బయటికి లాగారు. దవాఖానలో కుడికాలు మోకాలి కింద తీసేశారు.

పదిరోజులకు అన్న ఆ పుస్తకం తెమ్మన్నాడు. తీసుకుపోయాను.

"నువ్వు తిప్పేసిన పేజీలు సదువు," అన్నాడు.

నేను పుస్తకాన్ని రెండు చేతులా మూసేశాను.

"నాకు ఇంగిలీషు రాకుంటే ఏంది, బొమ్మలు కనవడయా? బోల్తా పడ్డ కారు బొమ్మ సూసిన."

"మరి అప్పుడే అడగకపోతివేందన్నా?"

"అడిగితె సదువుడు బంద్ చేస్తవని."

మంచం పక్కన నిలబడి చదివాను. రికార్డు కోసం ఇసుకలో నడుపుతూ ఒక డ్రైవరు చనిపోయాడనీ, ఆయన కారును ఆ ఒడ్డునే గొయ్యి తీసి పూడ్చేశారనీ చెప్పాను. వెనక గుమ్మంలో బాపు ఎప్పుడొచ్చాడో, అంతా విన్నాడు. "ఆ టైరు అరిగింది నేను సూస్తనే ఉన్న బిడ్డా, రేపు మారుద్దామనుకున్న," అని మాత్రం అని, అక్కడే గోడకానుకుని కూలబడ్డాడు.

అన్న పెట్టుడు కాలుతో ముప్పై ఏళ్లు ఆ షెడ్డు నడిపాడు. నాలుగు టైర్లనూ తన చేత్తో తడిమి చూడందే ఏ బండినీ రోడ్డెక్కనిచ్చేవాడు కాదు. నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. ఒక్కసారి అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. బాపు ముందు పోయాడు, నాలుగేళ్ల కింద అన్నా పోయాడు.

ఇప్పుడు మా మేనల్లుడు ఫోనులో ఆ కార్లన్నీ చూస్తాడు, పరుగులూ చూస్తాడు, పల్టీలూ చూస్తాడు. ఒకరికి ఒకరు చదివి చెప్పే పని లేదు, దాచిపెట్టే వీలూ లేదు. మంచిదే అనుకుంటాను. కానీ నేను చెప్పిందే లోకమని నమ్మి విన్న ఆ ఇద్దరూ లేని ఈ రోజుల్లో, ఆ పేజీలు ఎందుకు తిప్పేశానో దాచకుండా చెప్పడానికి ఇన్నేళ్లకు ధైర్యం వస్తే, వినేవాళ్లే లేకుండా పోయారు.